కోబాల్ట్ పెట్టెకు లెక్క ఎవరు రాస్తారు?



కామాఠిపుర గురించి, మన తాతలు బొంబాయిలో కట్టిన రోడ్ల గురించి రాసినప్పుడు "తరువాతి భాగం ఎప్పుడు?" అని చాలామంది అడిగారు. ఆ భాగం వస్తుంది. ఈసారి మాత్రం కొంచెం దూరం వెళ్దాం. బ్రెజిల్, మెక్సికో, ఎస్తోనియా, జార్జియా తిరిగి, ఢిల్లీ మీదుగా మళ్లీ మన ముంబైకే వద్దాం. విషయం రేడియేషన్ సోర్సులు. వాటిని ఎవరు కనిపెట్టుకుని ఉండాలి, ఒక్కో దేశం ఆ పని నేర్చుకోవడానికి బయటి ప్రపంచం ఎంతవరకు సాయపడింది అన్నదే ఈ చరిత్ర.

మనకెందుకు ఈ గొడవ అనుకోకండి. ఊళ్ల నుంచి పరేల్‌లోని టాటా ఆసుపత్రికి వచ్చే మనవాళ్లకు బస చూపించే పని మన సంఘం ఏళ్లుగా చేస్తోంది. వాళ్లలో చాలామంది 'కరెంటు పెట్టించుకోవడానికి' వస్తారు. ఊళ్లో రేడియేషన్ చికిత్సను అలాగే అంటారు కదా. మన పిల్లల్లో వెల్డర్లు, ఫిట్టర్లు ఉన్నారు. గల్ఫ్‌లోనూ ఇక్కడి రిఫైనరీల్లోనూ పైపులకు అతుకులు వేస్తారు. ఆ అతుకు గట్టిగా పడిందో లేదో చూడటానికి రాత్రిపూట ఒక కెమెరా తెస్తారు. దాని లోపల ఉండేది ఇరిడియం. ఇక భంగార్ వ్యాపారంలో, భంగార్ విరిచే పనిలో ఉన్నవాళ్లూ మనలో ఉన్నారు. ఆసుపత్రి, వెల్డింగు, పాత ఇనుము: ఈ మూడు చోట్లే ఈ కథంతా నడుస్తుంది.

సోర్సు అంటే పెద్ద యంత్రమేమీ కాదు. వేలెడంత స్టీలు గొట్టం, కొన్నిసార్లు ఇంకా చిన్నది. అందులో కోబాల్ట్, సీజియం, ఇరిడియం లాంటి రేడియోధార్మిక పదార్థం వేసి సీలు చేస్తారు. చుట్టూ సీసంతోనో మరో బరువైన లోహంతోనో మందపాటి కవచం. కవచంలో ఉన్నంతకాలం అది ప్రాణం పోసే పనిముట్టు, క్యాన్సర్ గడ్డను కాల్చేస్తుంది. బయటికి వస్తే వాసన ఉండదు, శబ్దం ఉండదు, ముట్టుకుంటే చురుక్కుమనదు. అణు విద్యుత్ కేంద్రం చుట్టూ ముళ్లకంచె, తుపాకీ పట్టిన కాపలా ఉంటాయి. సోర్సు మాత్రం ఆసుపత్రి గదిలో, కాలేజీ ల్యాబులో, ఫ్యాక్టరీ గోడ మీద ఉంటుంది. దాని కాపలా అంతా ఒక రిజిస్టరు, ఆ రిజిస్టరును తిరగేసే ఒక మనిషి.

గోయానియాలో ఆ మనిషి లేకపోయాడు. మధ్య బ్రెజిల్‌లో అదొక పెద్ద ఊరు. అక్కడ ఒక ప్రైవేటు రేడియోథెరపీ క్లినిక్ 1985 చివర్లో వేరే చోటికి మారింది. కొత్త చోటికి కోబాల్ట్ యంత్రాన్ని తీసుకెళ్లి, పాత సీజియం యంత్రాన్ని అక్కడే వదిలేశారు. లైసెన్సు ఇచ్చిన సంస్థకు ఆ సంగతి చెప్పలేదు. తరువాత భవనంలో కొంత భాగం కూల్చేశారు. తలుపుల్లేవు, కిటికీల్లేవు. యంత్రం మాత్రం అలాగే ఉంది. అందులో ఉన్నది 93 గ్రాముల సీజియం క్లోరైడు. మన ఇంట్లో గుప్పెడు పంచదారంత. 1,375 క్యూరీల శక్తి.

1987 సెప్టెంబరు 13న ఇద్దరు కుర్రవాళ్లు ఆ యంత్రం తలను విప్పి తోపుడుబండి మీద ఇంటికి తీసుకెళ్లారు. ఇనుముకు నాలుగు డబ్బులు వస్తాయని వాళ్ల ఆశ. ఆ రోజే వాంతులు మొదలైతే తిండి పడలేదనుకున్నారు. కొన్ని రోజుల తరువాత ఒకడు గొట్టానికి చిల్లు పెట్టాడు. 18న దాన్ని భంగార్ దుకాణానికి అమ్మేశారు. ఆ రాత్రి దుకాణదారుడు చూస్తే లోపలి నుంచి నీలం వెలుగు. అదేదో విలువైన రత్నమనో, దైవికమైనదనో అనుకున్నాడు. భార్యకు ఉంగరం చేయించాలనుకున్నాడు. చుట్టాలను, ఇరుగుపొరుగును పిలిచి చూపించాడు. బియ్యపు గింజలంత ముక్కలు చేసి పంచాడు. కొందరు కార్నివాల్ పండుగలో తళుకులు పూసుకున్నట్టు ఒంటికి పూసుకున్నారు. అతని తమ్ముడు కొంత పొడి ఇంటికి తీసుకెళ్లాడు. ఆరేళ్ల కూతురు దానితో ఆడుకుని, ఆ చేతులతోనే అన్నం తింది.

ఇంట్లో అందరూ ఒకరి వెనక ఒకరు మంచం పడుతున్నారని మొదట పసిగట్టింది దుకాణదారుడి భార్య. డాక్టర్లు ఏవేవో ఉష్ణదేశపు జబ్బుల పేర్లు చెబుతుంటే, ఆమె అనుమానం మాత్రం ఆ మెరిసే పొడి మీద పడింది. అప్పటికే దాన్ని ఇంకో భంగార్ దుకాణానికి అమ్మేశారు. అక్కడికి వెళ్లి మిగిలిన ముక్కను సంచిలో వేయించుకుని, 28న బస్సెక్కి, నగర ఆరోగ్య కార్యాలయంలో డాక్టరు బల్ల మీద పెట్టింది. మరుసటి రోజు ఒక భౌతికశాస్త్రజ్ఞుడు యురేనియం అన్వేషణ వాళ్ల దగ్గర మీటరు అరువు తెచ్చాడు. ఆ కార్యాలయం ఇంకా దూరంగా ఉండగానే మీటరు ముల్లు చివరికంటా కొట్టేసింది. మీటరు పాడైందనుకుని వెనక్కి వెళ్లి ఇంకొకటి తెచ్చాడు. అదీ అలాగే కొట్టింది.

ఊరి స్టేడియంలో లక్షా 12 వేల మందికి పైగా జనాన్ని వరుసలో నిలబెట్టి పరీక్షించారు. 249 మంది మీద సీజియం దొరికింది. నలుగురు చనిపోయారు. వాళ్లలో ఆ పాప ఉంది. సంచి పట్టుకుని బస్సెక్కిన ఆ ఇల్లాలూ ఉంది. ఇళ్లు కూల్చి, మట్టి తవ్వి తీసిన చెత్త సుమారు 3,500 ఘనపు మీటర్లు.

ఈ కథను చాలామంది భయపెట్టడానికి చెబుతారు. మేం చెబుతున్నది అందుకు కాదు. బ్రెజిల్‌లో అప్పటికే అణుశక్తి కమిషన్ ఉంది. లైసెన్సులు ఉన్నాయి, నియమాలు ఉన్నాయి. ఆ యంత్రానికీ కాగితం ఉంది. కాగితం రాసినవాళ్లు రెండేళ్ల పాటు తలుపు తట్టి "ఆ సీజియం ఎక్కడుంది?" అని అడగలేదు, అంతే. అసలు సోర్సు ప్రమాదాల్లో ఎక్కువ భాగం యంత్రం పాడైనందువల్ల జరిగినవి కావు. సొంతదారు మారినప్పుడో, మూతపడినప్పుడో, దివాలా తీసినప్పుడో, బీరువాలో పెట్టి మరిచిపోయినప్పుడో జరిగాయి. వీటికి అనాథ సోర్సులు అని పేరు. పేరు పెట్టినవాళ్లెవరో గానీ సరిగ్గా పెట్టారు.

అంతకు నాలుగేళ్ల ముందు మెక్సికోలో ఇంకో తీరు జరిగింది. సియుదాద్ హువారెస్ అనే సరిహద్దు ఊళ్లో ఒక ప్రైవేటు ఆసుపత్రి 1977లో అమెరికా నుంచి పాత కోబాల్ట్ యంత్రాన్ని కొనుక్కొచ్చింది. దిగుమతికి కావలసిన అనుమతి లేదు. నడిపే డాక్టరూ లేడు. ఆరేళ్లు గోదాములో పడి ఉంది. 1983 డిసెంబరులో దాన్ని విప్పి భంగార్‌కు అమ్మేశారు. లోపల సుమారు 6,000 కోబాల్ట్ గుళికలు. కొన్ని దారిలో రాలాయి, మిగిలినవి ఇనుముతో కలిసి కొలిమిలో కరిగి ఇళ్ల స్లాబుల్లో వేసే ఊచలయ్యాయి, టేబుళ్ల కాళ్లయ్యాయి. 1984 జనవరిలో ఆ ఊచలతో వెళ్తున్న ఒక లారీ దారి తప్పి అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాల గేటు దగ్గరికి పోయింది. అక్కడి రేడియేషన్ మీటర్లు మోగాయి. లారీ దారి తప్పకపోతే ఆ ఊచలు ఎన్ని స్లాబుల్లో కలిసిపోయేవో! అమ్మినవాడు అమెరికాలో, కొన్నవాడు మెక్సికోలో. మధ్యలో సరిహద్దు దాటిన పెట్టె గురించి ఒక దేశం ఇంకో దేశానికి చెప్పాలన్న నియమం అప్పటికి లేదు.

ఇక్కడే అంతర్జాతీయ సంస్థ సంగతి వస్తుంది. వియన్నాలో ఉన్న అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, ఐఏఈఏ, 1957లో పుట్టింది. పేపర్లలో దాని పేరు బాంబుల తనిఖీ వార్తల్లోనే కనబడుతుంది కాబట్టి, దానికి పోలీసు అధికారాలు ఉన్నాయని మనలో చాలామంది అనుకుంటారు. యురేనియం, ప్లుటోనియం లెక్కల విషయంలో ఒప్పందం చేసుకున్న దేశాల్లో దాని ఇన్‌స్పెక్టర్లు తిరుగుతారు, నిజమే. ఆసుపత్రి కోబాల్ట్ విషయంలో దానికి అలాంటి అధికారం ఏదీ లేదు. భద్రతా ప్రమాణాలు రాయగలదు. తాను సాయం చేసే పనుల్లో వాటిని పాటించమనగలదు. ఒక దేశం అడిగితే మనుషుల్ని పంపగలదు. అడగని దేశం గుమ్మం తొక్కలేదు. సోర్సు భద్రత ఆ దేశ ప్రభుత్వం బాధ్యత అన్నది మొదటి నుంచీ ఒప్పుకున్న సూత్రం.

ఈ ఏర్పాటులో ఒక చిక్కు మొదటి నుంచీ ఉంది. పేద దేశాలకు క్యాన్సర్ యంత్రాలు, పరిశోధన పరికరాలు అందేలా చూసే పని కూడా ఐఏఈఏదే. ఇంకోపక్క చాలా దేశాల్లో వాటిని అదుపు చేసే చట్టమే లేదు. 1984లో రాపాట్ అనే పేరుతో సలహా బృందాలను దేశదేశాలకు పంపడం మొదలుపెట్టారు. ఆ బృందాలు వెళ్లి చూస్తే చట్టం లేదు, చట్టం ఉన్నచోట ఆఫీసు లేదు, ఆఫీసు ఉన్నచోట మీటరు లేదు. దేశంలో ఎన్ని సోర్సులున్నాయని అడిగితే చెప్పగలిగినవాడు లేడు. బృందాలు నివేదికలు రాసి ఇచ్చి వచ్చేశాయి. నివేదికలు బీరువాల్లోకి వెళ్లాయి.

1990ల మధ్యలో పద్ధతి మార్చారు. మోడల్ ప్రాజెక్టు అని పేరు పెట్టి, మొదట 50కి పైగా దేశాలను ఎంచుకుని, ఒక్కోదానికి ఒక కార్యప్రణాళిక రాశారు. ఐదు మెట్లు. మొదటి మెట్టు చట్టం, నియంత్రణ సంస్థ, సోర్సుల పట్టిక, లైసెన్సులు, తనిఖీ. తరువాతివి పనివాళ్ల రక్షణ, రోగుల రక్షణ, ప్రజల రక్షణ, ప్రమాదం వస్తే ఏం చెయ్యాలన్న సిద్ధత. నమూనా చట్టాలు రాసిచ్చారు. మీటర్లు, పనివాళ్లు ఛాతీకి పెట్టుకునే బ్యాడ్జీలు ఇచ్చారు. ఇన్‌స్పెక్టర్లకు శిక్షణ ఇచ్చారు. సోర్సులు, లైసెన్సులు, తనిఖీలు ఎక్కించుకునే రైస్ అనే కంప్యూటర్ ప్రోగ్రామును తయారుచేసి పంచారు. మన అన్నం కాదండీ, పొడి అక్షరాల పేరు అలా కుదిరింది.

మా దృష్టిలో ఈ మొత్తం సాయంలో అన్నిటికన్నా గొప్పది ఆ ప్రోగ్రామే. చట్టాన్ని నమూనా చూసి ఏడాదిలో పాస్ చేయించుకోవచ్చు. అలా చేయించుకుని ఫొటోలు దిగిన ప్రభుత్వాలు కొన్ని ఉండే ఉంటాయి. కానీ పట్టిక నింపాలంటే ఎవరో ఒకరు జీపెక్కి ప్రతి ఆసుపత్రికీ, ప్రతి సిమెంటు ఫ్యాక్టరీకీ వెళ్లి పెట్టెలు లెక్కపెట్టాలి. వియన్నా ప్రోగ్రాము ఇవ్వగలదు గానీ ఆ జీపులో పెట్రోలు, ఆ ఇన్‌స్పెక్టరు జీతం ప్రతి నెలా ఇవ్వలేదు. ఇస్తే మాత్రం వాడు ఏ దేశం ఉద్యోగి అవుతాడు?

సోవియట్ యూనియన్ విడిపోయాక ఈ సమస్య అసలు రూపం కనబడింది. ఒక్క రాజ్యం చేతిలో ఉన్న లెక్కపుస్తకం పదిహేను ముక్కలయింది. కొన్ని పేజీలు ఎవరి చేతికీ రాలేదు. ఎస్తోనియాలో 1994 అక్టోబరులో ముగ్గురు అన్నదమ్ములు తమ్మికు అనే చోట వ్యర్థాల గోదాములోకి చొరబడి లోహం ఏరుకున్నారు. అందులో సీజియం సోర్సు ఉంది. ఒకతను దాన్ని కోటు జేబులో వేసుకుని ఇంటికి తీసుకెళ్లాడు. కాలికి దెబ్బ తగిలి మూత్రపిండాలు చెడ్డాయని ఆసుపత్రిలో రాసుకున్నారు. నవంబరు 2న చనిపోయాడు. సోర్సు ఆ ఇంటి వంటగది సొరుగులోనే ఉంది. ఆ ఇంటి కుర్రవాడి చేతులు కాలినప్పుడు గానీ డాక్టర్లకు అనుమానం రాలేదు.

జార్జియాలో ఇంకా ఘోరం. రాజధాని టిబిలిసి పక్కన లిలో అనే శిక్షణ కేంద్రంలో 1996, 97 ప్రాంతంలో కుర్ర సైనికుల ఒంటి మీద మానని పుళ్లు వచ్చాయి. మొత్తం పదకొండు మంది. వెతికితే, సోవియట్ సైన్యం వదిలిపోయిన సీజియం సోర్సులు ఆవరణ నిండా ఉన్నాయి. ఒకటి అందరూ చలికి వేసుకునే కోటు జేబులో దొరికింది. జార్జియా ఐఏఈఏను సాయం అడిగింది. సైనికులకు ఫ్రాన్స్, జర్మనీల్లో వైద్యం జరిగింది. 1998లో జార్జియా అణు, రేడియేషన్ భద్రతా చట్టం చేసుకుంది.

చట్టం వచ్చినంత మాత్రాన అడవిలో ఉన్నవి వెనక్కి రావు కదా. 2001 డిసెంబరులో లియా అనే ఊరి నుంచి ముగ్గురు కట్టెల కోసం అడవికి పోయారు. ఒకచోట చుట్టూ మంచు కరిగిపోయి, వేడిగా ఉన్న రెండు లోహపు డబ్బాలు కనబడ్డాయి. రాత్రి చలికి వాటిని పక్కన పెట్టుకుని పడుకున్నారు. అవి స్ట్రాన్షియం సోర్సులు. కరెంటు తీగలు వెళ్లని కొండల్లో రేడియో పరికరాలను నడపడానికి సోవియట్ కాలంలో పెట్టినవి. ఒక్కోటి 30 వేల క్యూరీలకు పైమాటే. ముగ్గురిలో ఒకరు రెండేళ్లకు పైగా ఆసుపత్రుల్లో పోరాడి 2004లో చనిపోయారు. ఐఏఈఏ సాయంతో జార్జియావాళ్లు 2002 ఫిబ్రవరిలో ఆ డబ్బాలను తీశారు. మంచులో లారీ మీద టన్నుల బరువున్న సీసపు పెట్టె. ఒక్కో మనిషికి ఇచ్చిన గడువు సుమారు 40 సెకన్లు. ముందే రిహార్సల్ చేసుకుని, పరుగెత్తుకెళ్లి, పొడుగు పట్టకారుతో ఒక్క పని చేసి వెనక్కి పరుగు. వెంటనే ఇంకొకడు.

ఆ వేసవిలో అలాంటివి ఇంకేమైనా మిగిలాయేమోనని పశ్చిమ జార్జియా కొండల్లో సుమారు 80 మంది గుర్రాల మీద, కాలినడకన, జీపుల్లో గాలించారు. ఎక్కువ మంది జార్జియావాళ్లే. వాళ్లకు తోడుగా వెళ్లిన నిపుణుల్లో అమెరికా, ఫ్రాన్స్, తుర్కియేలతో పాటు మన దేశం వాళ్లూ ఉన్నారు. ఈ సంగతి మన పేపర్లలో పెద్దగా రాలేదు. అంతర్జాతీయ సాయం అనగానే తెల్లవాళ్లు ఇచ్చేది, మనం పుచ్చుకునేది అనుకునే అలవాటు మనకుంది, అందుకని చెబుతున్నాం. మన ట్రాంబేలో బీఏఆర్‌సీ రూపొందించిన భాభాట్రాన్ అనే కోబాల్ట్ క్యాన్సర్ యంత్రాన్ని ఐఏఈఏ ద్వారా మన దేశం వియత్నాంకు ఇచ్చింది. ఇచ్చేవాళ్ల వరుసలో ఉన్నాం కాబట్టే మన ఇంటి లెక్క ఎలా ఉందో అడిగే హక్కు, పని మనకు ఉన్నాయి. దానికి వస్తాం.

గోయానియా మొదలు లిలో దాకా వచ్చిన నివేదికలన్నీ బల్ల మీద పెట్టుకుని 1998 సెప్టెంబరులో ఫ్రాన్స్‌లోని దిజోఁలో దేశాలు సమావేశమయ్యాయి. 2000లో సోర్సుల భద్రతకు ఒక ప్రవర్తనా నియమావళి తయారైంది. మరుసటి ఏడు సెప్టెంబరు 11 దాడులు. అప్పటిదాకా సోర్సు పోవడం అంటే పొరపాటు. ఆ తరువాత ఎవరైనా కావాలని దొంగిలించి పేలుడు మందుతో కలుపుతారేమో అన్న భయం వచ్చింది. నిజం చెప్పాలంటే, గోయానియా పాప కదిలించలేని ప్రభుత్వాలను ఆ భయం కదిలించింది. డబ్బు వచ్చింది, తొందర వచ్చింది. నియమావళిని గట్టిపరిచి 2003 సెప్టెంబరులో ఐఏఈఏ పాలకమండలి ఆమోదించింది.

అందులో ఏముంది? ప్రతి దేశానికీ చట్టం ఉండాలి. సోర్సులు వాడేవాళ్లతో, అమ్మేవాళ్లతో సంబంధం లేని నియంత్రణ సంస్థ ఉండాలి. ప్రమాద తీవ్రతను బట్టి సోర్సులను ఐదు తరగతులు చేశారు. మొదటి రెండు తరగతులవి ఎక్కడున్నాయో జాతీయ రిజిస్టరులో ఉండాలి. అలాంటిదాన్ని ఇంకో దేశానికి అమ్మేముందు, ఆ దేశానికి దాన్ని అదుపులో పెట్టే శక్తి ఉందో లేదో చూసుకోవాలి. మొదటి తరగతిదైతే ఆ దేశం ముందుగా ఒప్పుకోవాలి. హువారెస్ గోదాము గుర్తొచ్చిందా? వాడకం అయిపోయిన సోర్సును అమ్మినవాడికి తిప్పి పంపే దారి మూసెయ్యకూడదు. పనికిరాని సోర్సుల సంగతి అక్కడితో తేలలేదని 2017లో వాటికి విడిగా మార్గదర్శకాలు ఒప్పుకున్నారు.

ఈ నియమావళి చట్టం కాదు, ఒప్పందమూ కాదు. పాటిస్తామని దేశాలు ఐఏఈఏకు ఉత్తరం రాస్తాయి. 130కి మించిన దేశాలు రాశాయి. తప్పితే శిక్ష లేదు. పంచాయతీలో పెద్దమనుషుల ముందు మాట ఇచ్చినట్టు. మాట ఇవ్వడం కన్నా గట్టి ఏర్పాటు కావాలనే మా అభిప్రాయం. అయితే శిక్షలతో కూడిన ఒప్పందం రాసుకుందామని కూర్చుంటే ఆ సంతకాలకు ఇంకో ఇరవై ఏళ్లు పట్టేదేమో. ఈలోపల రిజిస్టర్లు నిండటం మొదలైంది.

ఇంకో చిన్న సంగతి. 2000 ఆరంభంలో థాయిలాండ్‌లోని సముత్ ప్రకాన్‌లో పార్కింగు స్థలంలో ఉంచిన పాత కోబాల్ట్ యంత్రం తల భంగార్ దుకాణానికి చేరింది. పదిమంది ఆసుపత్రి పాలయ్యారు, ముగ్గురు పోయారు. మూడు రేకుల రేడియేషన్ గుర్తును అక్కడివాళ్లు ఎరగరు. ఎరిగి ఉంటే ముట్టుకునేవాళ్లు కాదు. చదువుకున్నవాళ్లు గీసిన గుర్తు అది. ఎరగనివాడికి ఫ్యాన్ రెక్కల్లా కనబడుతుంది. ఆ తరువాత కొత్త బొమ్మ గీసి, మన దేశంతో సహా 11 దేశాల్లో చదువురానివాళ్లకు, పిల్లలకు కూడా చూపించి, ఏం అర్థమైందని అడిగి, 2007లో ఖాయం చేశారు. ఎర్రటి త్రికోణం. పైన అవే మూడు రేకులు, వాటి నుంచి కిందికి కిరణాలు. కింద ఒకపక్క పుర్రె, ఎముకలు. ఇంకోపక్క పారిపోతున్న మనిషి.

వెల్డర్ మిత్రుల కోసం ఒక్క మాట. 1999లో పెరూలోని యానాంగో జలవిద్యుత్ కేంద్రంలో ఒక వెల్డరుకు నేల మీద చిన్న లోహపు ముక్క కనబడింది. ప్యాంటు వెనక జేబులో వేసుకున్నాడు. అది రేడియోగ్రఫీ కెమెరా నుంచి జారిపడిన ఇరిడియం. కొన్ని గంటలే ఉంచుకున్నాడు, కాలు తీసెయ్యాల్సి వచ్చింది. పైపుల దగ్గర మెరిసే ముక్క దొరికితే జేబులో వేసుకోకండి. దూరం జరిగి సూపర్‌వైజరును పిలవండి.

ఇక మన ఇల్లు. 1962 అణుశక్తి చట్టం కింద 1971లో రేడియేషన్ రక్షణ నియమాలు వచ్చాయి. 2004లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. 1983 నవంబరు 15న అణుశక్తి నియంత్రణ మండలి, ఏఈఆర్‌బీ ఏర్పడింది. దాని ఆఫీసు మన అణుశక్తినగర్‌లోనే, నియామక్ భవన్. చెంబూరు, దేవనార్ వైపు ఉండే మిత్రులు రోజూ ఆ దారినే పోతుంటారు. మనకు నియంత్రణ సంస్థ లేక కాదు, శాస్త్రజ్ఞులు లేక కాదు. ఇంకొకరికి నేర్పగలిగిన దేశం మనది.

అయినా 2008లో ఫ్రాన్స్‌లో లిఫ్టు బటన్లలో కోబాల్ట్-60 బయటపడింది. బటన్లు బిగించే ఫ్యాక్టరీలో సుమారు ఇరవై మందికి సాధారణ ప్రజలకు పెట్టిన పరిమితిని దాటిన మోతాదు తగిలింది. ఆ స్టీలు జాడ తీస్తే మన దేశానికి, మన మహారాష్ట్రలోని ఒక ఫౌండ్రీకి చేరింది. భంగార్‌లో ఎక్కడో కలిసిన సోర్సు కొలిమిలో కరిగి సముద్రం దాటింది. హువారెస్ కథే, పాతికేళ్ల తరువాత. ఆ కొలిమి ముందు నిలబడిన మన కార్మికుడి పేరు ఏ పేపర్లోనూ చదివిన గుర్తు మాకు లేదు.

రెండేళ్లు తిరక్కుండా మాయాపురి. ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయనశాస్త్ర విభాగం 1970 ప్రాంతంలో కెనడా నుంచి గామా సెల్ అనే పరికరం తెప్పించుకుంది. దాన్ని వాడిన ఆచార్యులు రిటైరయ్యాక పాతికేళ్లు మూల పడి ఉంది. 2010 ఫిబ్రవరిలో పాత సామాను కింద వేలం వేశారు. ఏఈఆర్‌బీకి చెప్పలేదు. మాయాపురి భంగార్ మార్కెట్లో దాన్ని కోశారు. ఒకతను మెరిసే ముక్కను పర్సులో పెట్టుకున్నాడు. ఏప్రిల్‌లో జనం ఒళ్లు నల్లబడి, జుట్టు రాలి ఆసుపత్రులకు చేరాక విషయం బయటపడింది. ఒకరు చనిపోయారు, ఏడుగురు తీవ్రంగా జబ్బుపడ్డారు.

ఒక లెక్క చూడండి. కోబాల్ట్-60 శక్తి ఐదేళ్ల మూడు నెలలకొకసారి సగం అవుతుంది. 40 ఏళ్లలో ఏడున్నర సార్లు సగం అయింది. అంటే కొన్నప్పుడు ఉన్నదానిలో దాదాపు రెండు వందల్లో ఒక వంతు మాత్రమే మిగిలింది. ఆ ఒక వంతు మనిషిని చంపింది. ఆ పరికరం వచ్చేనాటికి ఏఈఆర్‌బీ పుట్టనే లేదు. పుట్టిన తరువాత 27 ఏళ్లలో దేశంలో అంతకుముందు వచ్చిన పెట్టెలన్నీ ఎక్కడున్నాయో వెతికి రాసుకునే పని పూర్తికాలేదు. మాయాపురి తరువాతే విశ్వవిద్యాలయాలన్నిటినీ మీ దగ్గర ఏమున్నాయో చూసి చెప్పమన్నారు.

2012లో కాగ్ ఇచ్చిన నివేదిక ఇంకా ముఖం మీద చెప్పింది. దేశంలోని 57,443 వైద్య ఎక్స్‌రే కేంద్రాల్లో నమోదైనవి 5,270. ఎక్స్‌రే యంత్రం కరెంటు తీసేస్తే ఆగిపోతుంది, అది కోబాల్ట్ లాంటిది కాదు, నిజమే. కానీ పదింట తొమ్మిది పట్టికలో లేవంటే పట్టిక రాసేవాడు ఎంత ఒంటరివాడో తెలుస్తుంది. ఏఈఆర్‌బీ ప్రభుత్వానికి లోబడిన సంస్థగానే ఉందని, దానికి చట్టబద్ధమైన స్వతంత్రత లేదని కూడా కాగ్ రాసింది. 2011లో తెచ్చిన నియంత్రణ సంస్థ బిల్లు 2014లో లోక్‌సభతో పాటే మురిగిపోయింది. 2015 మార్చిలో మన ప్రభుత్వం పిలిస్తే ఐఏఈఏ బృందం ముంబై వచ్చి రెండు వారాలు చూసింది. వాళ్లూ అదే మాట: నియంత్రణ సంస్థ స్వతంత్రతను చట్టంలో రాయండి. 2003లో ఐఏఈఏ ఆమోదించిన నియమావళిలో ఉన్నదీ అదే.

మంచి మార్పు కూడా చెప్పాలి. ఓడరేవుల్లో రేడియేషన్ పసిగట్టే ద్వారాలు వచ్చాయి. లైసెన్సులు, సోర్సుల కొనుగోలు, రవాణా, తిప్పి పంపడం అన్నీ ఇప్పుడు ఈ-లోరా అనే ఆన్‌లైన్ వ్యవస్థలో నమోదవుతున్నాయి. టాటాలో మన రోగి పడుకునే యంత్రం దగ్గర ఆర్‌ఎస్‌ఓ అనే ఒక అధికారి ఉంటారు. రేడియేషన్ భద్రత ఆయన పని. మనవాళ్లకు తోడుగా వెళ్లే వాలంటీర్లు ఆయన్ను ఒకసారి పలకరించండి, ఓపిగ్గా చెబుతారు.

పైన చెప్పిన ఎర్ర త్రికోణం యంత్రం పైన కనబడదు. పై తొడుగు విప్పడం మొదలుపెట్టినవాడికే కనబడేలా లోపల అంటిస్తారు. అంటే దాన్ని చూసేది డాక్టరు కాదు, మన భంగార్ తమ్ముడే. 2007కు ముందు వచ్చిన పాత యంత్రాల్లో అది ఉండదు కూడా. అందుకని ఆ బొమ్మను, పాత మూడు రేకుల గుర్తును పక్కపక్కన పెట్టి, కింద తెలుగు, మరాఠీ, హిందీల్లో రెండు వాక్యాలు రాసి సంఘం ఆఫీసులో ప్రింట్లు తీయించాం. సీసంలా మరీ బరువుగా ఉన్న పెట్టె వస్తే కొయ్యకండి, దూరంగా జరిగి పోలీసులకు చెప్పండి అని. కుర్లా, ధారావి వైపు దుకాణాలున్నవాళ్లు, భివండీ మిత్రులు ఆదివారం సాయంత్రం వచ్చి తీసుకెళ్లండి. గుజరాతీలో, ఉర్దూలో రాసిచ్చేవాళ్లు ఉంటే కింద చెప్పండి.